డెబ్బై కిలోల బొమ్మ

ఆ ఎండాకాలం పద్నాలుగు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, మా ఆయన నన్ను టార్పాలిన్ మీద పడుకోబెట్టి డాబా ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చేవారు. మొదటిరోజు నవ్వు ఆగక నా కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇన్నేళ్లకి పెళ్లాన్ని నెత్తి మీంచి దించాడు నా కొడుకు. దించినవాడు ఊరుకోక నేల మీద ఈడుస్తున్నాడు" అన్నారు.

ఆయన ఫైర్ స్టేషన్‌లో నిచ్చెన బండి మీద ఇరవై నాలుగేళ్లుగా పనిచేస్తున్నారు. ఆ ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. నలభై అయిదు దాటిన వాళ్లందరికీ ఎండాకాలం చివర్లో పరీక్ష. నడుము చుట్టుకొలత తొంభై ఆరు సెంటీమీటర్లు మించకూడదు. మనిషి ఆకారంలో ఉండే డెబ్బై కిలోల బొమ్మను ఇరవై నాలుగు మీటర్లు ముప్పై అయిదు సెకన్లలో ఈడ్చుకెళ్లాలి. రెండింట్లో ఏది తప్పినా బండి దిగి స్టోర్సులో కూర్చుని గొట్టాలూ బూట్లూ లెక్క చూసుకోవాలి. మళ్లీ అవకాశం ఉండదు.

కాగితం చదివిన సాయంత్రం నా కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తీసి కొలిచాను. నూట తొమ్మిది.

"ఊపిరి వదిలి కొలిచావా, పీల్చి కొలిచావా?" అన్నారు ఆయన.

"వదిలే."

"ఇంకోసారి కొలిచి చూడు."

ఇంకోసారీ నూట తొమ్మిదే వచ్చింది.

బొమ్మను మాత్రం ఎవరూ ముట్టుకునే వీల్లేదు. అంతకుముందు ఏడాది సాధన పేరుతో ఈడ్చి ఈడ్చి చింపేశారని, కొత్తదాన్ని పరీక్ష రోజు దాకా లోపల పెట్టి తాళం వేశారు. బండి నడిపే డ్రైవర్, మా ఆయన కంటే ఆరేళ్లు చిన్నవాడు, ఇంటికి వచ్చినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "అన్నా, బొమ్మ లేకపోతేనేం, వదిన లేదూ?" అన్నాడు. ఆ మాటకి వాడి నెత్తి మీద ఒకటి వేశారు గాని, రాత్రి భోజనాలయ్యాక ఆయనే నెమ్మదిగా అడిగారు, "నువ్వెంత ఉంటావు?" అని.

స్నానాల గది బయట ఉన్న తూకం మిషన్ మీద నిలబడ్డాను. డెబ్బై దాటి ఒక గీత.

"అచ్చు పోసినట్టు సరిపోయావు" అన్నారు. అంత సంతోషంగా నా బరువు గురించి ఎవరూ అప్పటిదాకా మాట్లాడలేదు.

వంటింటి బాధ్యత నాది. డిగ్రీలో మూడేళ్లు కెమిస్ట్రీ ల్యాబులో త్రాసు ముందు నిలబడ్డదాన్ని, తిండి తూచడం నాకు కష్టమనిపించలేదు. కోడిమాంసం నూట నలభై గ్రాములు, ఉడికించిన పప్పు ఒక గరిటె, మూడు గుడ్లు, కూరగాయలు ఎన్నయినా. నూనె చెంచాతో. ఆయన కంచం ముందు కూర్చుని దాన్ని చూసే చూపు చూడలేక రెండో రోజు నుంచే నేనూ అదే వడ్డించుకున్నాను. రెండు రకాల వంట చేయడం దండగ కూడా.

"మొగుడూ పెళ్లాం ఇద్దరూ కడుపు మాడ్చుకుంటుంటే నేనొక్కదాన్నే దొంగలా తినాలా?" అని అత్తయ్య గొణిగేవారు. గొణుగుతూనే తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని బిస్కెట్ పొట్లం విప్పేవారు. ఆ కాగితం చప్పుడు వినిపించినప్పుడల్లా మా ఆయన తినడం ఆపేవారు.

మొదటి మూడు వారాలు ఆయన డ్రైవర్ మాట విన్నారు. లావు తగ్గాలంటే తేలిక బరువులు ఎక్కువసార్లు ఎత్తాలని వాడు ఎక్కడో విన్నాడు. జిమ్‌లో బరువులెత్తే ఇనుప బార్ మీద బరువు సగం తీసేసి, ఎత్తిందే ఎత్తుతూ, చెమటలు కక్కుతూ గంటన్నర. పైగా రోజూ ఉదయం పరుగు. నాలుగు కిలోలు పోయాయి. నేను పొంగిపోయాను. మూడో వారం చివర గ్యాస్ సిలిండర్ వంటింట్లోకి మోసుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయినప్పుడు మాత్రం ఆయన మొహంలో రంగు లేదు.

స్టేషన్ వెనక రేకుల షెడ్డులో జిమ్ ఉండేది. అక్కడ నేర్పించే ఆవిడ ఒకప్పుడు పోటీల్లో బరువులు ఎత్తిన మనిషి. ఏ ప్రశ్నకైనా కిలోల్లోనే జవాబు చెబుతుందని అందరూ ఆవిడని కిలో మేడం అనేవాళ్లు. తిండి జాబితా చూపించడానికి ఆయనతో పాటు నేనూ వెళ్లాను.

మేడం ఆయన ఎత్తిన బరువులు రాసుకునే నోట్‌బుక్ తిరగేసి, నా కాగితం పక్కన పెట్టి, "ఈ తెలివి ఎవరిది?" అన్నారు.

మా ఆయన బయట బండి కడుగుతున్న డ్రైవర్ వైపు చూశారు.

"చూడు నాయనా. నువ్వు తినేది తగ్గింది. అంటే ఒళ్లు తనని తాను బాగుచేసుకునే సరుకు తగ్గింది. అలాంటప్పుడు పని పెంచుతారా ఎవరైనా? బార్ మీద బరువు తగ్గించకు. ఎత్తడాలు తగ్గించు. అయిదు సెట్లు చేసేవాడివి రెండు చెయ్యి. కానీ ఆ రెండూ బరువుగా ఉండాలి. ఈ కండతో ఇంకా పని ఉంది, కరిగించకు అని ఒంటికి చెప్పేది ఆ బరువే. తేలికవి వందసార్లు ఎత్తావనుకో, కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది."

"పరుగు?"

"వారానికి రెండుసార్లు. మిగతా రోజులు నడువు. నిద్ర పో." తర్వాత నా వైపు తిరిగారు. "వారానికి ముప్పావు కిలో మించి తగ్గనివ్వద్దమ్మా. అంతకంటే వేగంగా దిగితే సంతోషపడకు, తిండి పెంచు."

"పని సగానికి తగ్గిస్తే సరిపోతుందా మేడం?" అన్నాను. నాకు ఆ లెక్క మింగుడుపడలేదు.

"అది తెలియాలనే ఒకటి చెప్తున్నా. వారం వారం నాకు ఒక్క అంకె ఇవ్వండి. బలం నిలబడిందా, జారిందా తెలిసే అంకె. నిలబడితే ఇలాగే పోదాం. జారితే తిండి పెంచి, నెమ్మదిగా దిగుదాం. తగ్గడానికీ కరిగిపోవడానికీ తేడా చెప్పేది ఆ ఒక్కటే."

"డాబా మీద ఈడుస్తున్నానుగా. దాని సెకన్లు చెప్తాను" అన్నారు మా ఆయన.

"ఏం ఈడుస్తున్నావు?"

"ఈవిడని."

మేడం నన్ను చూశారు. మొదటిసారి నవ్వారు. "ఎంత?"

"డెబ్బై" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మంచిది. పరీక్షలో చేసేదీ అదే కదా."

మా డాబా సరిగ్గా పన్నెండు మీటర్లు. వెళ్లి వస్తే ఇరవై నాలుగు. నేను టార్పాలిన్ మీద వెల్లకిలా పడుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గుండెల మీద పట్టుకునేదాన్ని. ఆయన నా తల వైపు అంచులు రెండు చేతులకూ చుట్టుకుని, నడుము వంచి, వెనక్కి వెనక్కి అడుగులు వేసేవారు. వీపు కింద సిమెంటు ఇంకా వేడిగా ఉండేది. పైన ఆకాశం, తలకిందులుగా ఆయన గడ్డం, ఆయన ముక్కు మీంచి నా నుదుటి మీద పడే చెమట చుక్కలు.

మొదటివారం ముప్పై ఎనిమిది సెకన్లు వచ్చింది. నాలుగోవారం ముప్పై ఏడు. ఆరోవారం ముప్పై అయిదు. తొమ్మిదోవారం ముప్పై ఒకటి.

బార్ అలా లేదు. నేల మీంచి నూట ఇరవై కిలోలు ఎత్తేవారు నూట పదికి దిగారు, తర్వాత నూట అయిదుకి. మేడం మొహం చిట్లించారట. మా ఆయన ముప్పై ఒకటి అని చెప్పేసరికి ఆగి, "సరే. పరీక్షలో బార్ అడగరు. లాగడమే కావాలి. తిండి అలాగే ఉంచండి" అన్నారట.

నేను అలాగే ఉంచలేదు. టేపు నూట రెండు దగ్గర రెండు వారాలు కదలకుండా కూర్చుంది. మాంసం ఇరవై గ్రాములు తగ్గించాను, పప్పు అర గరిటె చేశాను. సెకన్లు బాగానే ఉన్నాయి కదా అన్నది నా ధైర్యం. టేపు కదిలింది.

తొమ్మిదోవారం ముప్పై ఒకటి వచ్చిన సాయంత్రం ఆయన టార్పాలిన్ వదిలేసి, డాబా మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపారు. "తిండి సగమైంది, బలం పెరిగింది! దూదిమూటలా వచ్చేస్తున్నావు!" అన్నారు. నిచ్చెన మొదటిసారి ఎక్కినప్పుడు కూడా ఇలాగే నవ్వి ఉంటారు. కొన్ని వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆకలి మా ఇద్దరికీ మాటలు తగ్గించింది. చెంచా కింద పడ్డా విసుక్కునేవాళ్లం.

దూదిమూట అన్న మాట వినగానే నాకు తెలిసిపోయింది. నా బట్టలు వదులైన సంగతి, ఉంగరం వేలికి ఆగక సబ్బునీళ్లలో జారిపోయిన సంగతి నాకు తెలియనివేమీ కావు. ఆదివారాలు ఆయన డ్యూటీకి వెళ్లాక తూకం మీద నిలబడి మురిసిపోతూనే ఉన్నాను. నా బరువునీ ఆయన సెకన్లనీ అప్పటిదాకా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడలేదు, అంతే. కిందికి వెళ్లి మళ్లీ నిలబడ్డాను. అరవై మూడు.

ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఏడు కిలోలు ఎంతలే అనుకున్నాను. అనుకుని, కాదని నాకే తెలిసి, నిజం చూద్దామని తర్వాత ఈడ్చే సాయంత్రం రెండేసి కిలోల పిండి పొట్లాలు నాలుగు డాబా మీదికి ముందే చేర్చాను. ఆయన వచ్చేసరికి టార్పాలిన్‌లో పడుకుని, పొట్లాలు మోకాళ్ల మధ్య పెట్టుకుని, అంచు మీదికి లాక్కుని ఉన్నాను.

మొదటి లాగుకే ఆయన అడుగు తడబడింది. అటు చివరకు చేరి తిరగబోతూ ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. ఊపిరి పిల్లిలా కూసింది. నలభై ఒకటి.

"ఎంత?" అన్నారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.

చెప్పాను.

ఆయన నేల మీద కూర్చుండిపోయారు. అంచు ఎత్తి లోపలికి చూసి ఉంటే పొట్లాలు కనిపించేవి. చూడలేదు. "అయిపోయింది నా పని" అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు.

ఆ పూట తినలేదు. మర్నాడు జిమ్‌కి వెళ్లలేదు. సెలవు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. అత్తయ్య వచ్చి, "ఒరేయ్, ఏమైందిరా? లేచి కూర్చో. నీ బాబు కూడా ఇలా గోడకి మొహం పెట్టాకే మంచం పట్టాడు" అని కాళ్లు తడిమారు. నేను ఆయన వీపు చూశాను. చొక్కా లోపల భుజాల ఎముకలు కదులుతున్నాయి. అంతకుముందు అవి కనిపించేవి కావు.

మూడో రోజు సాయంత్రం ఆయన్ని బతిమాలి డాబా మీదికి తీసుకెళ్లాను. పొట్లాలు అప్పటికే పిండి డబ్బాలో ఖాళీ చేసేశాను. ఒట్టి చేతులతో పడుకున్నాను.

ముప్పై ఒకటి.

"చూశారా, మొన్న నిద్ర చాల్లేదంతే" అన్నాను నేనే.

"అంతే అయి ఉంటుంది" అన్నారు ఆయన, టార్పాలిన్ మడతపెడుతూ ఈల వేశారు.

తర్వాతి వారం మేడం, స్టేషన్ పక్కనే మేముండే క్వార్టర్ల గేటు దగ్గర నన్ను ఆపారు. "అమ్మాయ్, ఒక మాట. ఆయన బార్ తొంభై అయిదుకి వచ్చింది. పిడికిలి పట్టు కూడా తగ్గింది. లాగుడు నిజంగా బాగానే ఉందా? నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు. ఇంకా మూడు వారాలకి పైగా ఉంది. ఇప్పుడు తిండి పెంచినా బలం వెనక్కి వస్తుంది. నడుము ఎలాగూ దగ్గరికి వచ్చింది."

చేతిలో కూరల సంచి ఉంది. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ముప్పై ఒకటి మేడం. వాచీ నేనే పట్టుకుంటాను" అన్నాను.

"నువ్వు చెప్తే సరే" అన్నారు ఆవిడ. నన్ను నమ్మి వెళ్లిపోయారు.

పరీక్ష స్టేషన్ పెరట్లోనే పెట్టారు. ఇంటివాళ్లని రానివ్వలేదు. మా డాబా మీంచి పెరడు కనిపిస్తుంది, మాటలు వినిపించవు. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య మెట్లు ఎక్కలేక కింది నుంచే, "ఏమైందే? వచ్చిందా వాడి వంతు?" అని అరుస్తున్నారు.

నడుము కొలిచారు. కొలిచినతను తల ఊపాడు. డ్రైవర్ ఆయన భుజం మీద చరిచాడు. అక్కడిదాకా బాగుంది.

ఎర్ర చొక్కా తొడిగిన బొమ్మను తెచ్చి సున్నపు గీత మీద పడుకోబెట్టారు. ఆయన వంగి చంకల కింద చేతులు పెట్టి లాగారు. బొమ్మ తల లేచింది. ఒళ్లు లేవలేదు. చేతులు సర్దుకుని మళ్లీ లాగారు. ఈసారి కదిలింది. నాలుగడుగులు, ఆగడం. మూడడుగులు, ఆగడం. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు, కొట్టడం మానేశారు. మూడొంతుల దూరంలో గడియారం పట్టుకున్న అధికారి చెయ్యి ఎత్తాడు. అయినా ఆయన లాగుతూనే ఉన్నారు. డ్రైవర్ వెళ్లి చెయ్యి పట్టుకున్నాక వదిలారు.

తర్వాత ఆయన బొమ్మ వైపు వేలు చూపించి ఏదో అన్నారు. అధికారి తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్లీ అన్నారు, ఈసారి చేతులు ఊపుతూ. కొందరు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ఇద్దరు మనుషులు స్టోర్సులోంచి బస్తాలు తూచే పెద్ద కాటా తోసుకొచ్చారు. బొమ్మను దాని మీద కూర్చోబెట్టారు. ఆయన వంగి అంకె చూశారు. చాలాసేపు చూశారు.

"ఏమైందే?" అన్నారు కింద అత్తయ్య.

నేను పిట్టగోడ వదిలి మెట్లు దిగాను.

ఆయన భోజనం వేళకి వచ్చారు. బూట్లు విప్పి, జత కలిపి గోడవారగా పెట్టారు.

"నడుము తొంభై అయిదు వచ్చింది" అన్నారు. మేజోళ్లు తీస్తూ, "బొమ్మలో ఏదో కూరారనుకున్నాను. ముప్పై ఒక్క సెకన్లలో లాగేవాణ్ని, అది కదలకపోవడమేమిటి? అందరి ముందూ అనేశాను. తూకం వేయించాను."

"డెబ్బైయే కదా" అన్నాను.

"డెబ్బైయే."

"నేను అరవై ఒకటిన్నర ఉన్నానండీ."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. నన్ను చూశారు, పైనుంచి కింది దాకా. ఈ పద్నాలుగు వారాల్లో నన్ను అలా చూడటం అదే మొదలనుకుంటాను.

"ఎప్పట్నుంచి?"

"మెల్లమెల్లగా. మీతో పాటే తగ్గాను."

"అది కాదు. నీకెప్పట్నుంచి తెలుసు?"

"తొమ్మిదో వారం నుంచి."

ఆయన బొటనవేలితో వేళ్ల కణుపులు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టారు. "అయిదు వారాలు" అన్నారు. తర్వాత, "మేడం నిన్ను అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"ముప్పై ఒకటని."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. ఆ రోజు ఏమీ అనకుండా తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. బిస్కెట్ కాగితం చప్పుడు రాలేదు.

"భోజనం పెట్టు" అన్నారు ఆయన. పెట్టాను. తిన్నారు. నేను తిడతారని ఎదురుచూశాను, ఆ రోజు, ఆ మర్నాడు, ఆ వారమంతా. గిన్నె తీసి గోడకేసి కొట్టినా బాగుండుననిపించింది. ఒక్క మాట అనలేదు. సోమవారం నుంచి స్టోర్సుకి వెళ్లడం మొదలుపెట్టారు. గంట మోగి బండి బయటికి దూసుకెళ్తుంటే మొదట్లో కుర్చీలోంచి సగం లేచేవారని, ఇప్పుడు లేవడం లేదని డ్రైవర్ నాతో చెప్పి, వెంటనే చెప్పినందుకు నొచ్చుకున్నాడు.

తిండి మామూలుగా వండుతున్నాను. ఆయన మళ్లీ ఒళ్లు చేస్తున్నారు, నేనూ చేస్తున్నాను. మా మధ్య గొడవ ఉందని ఎవరికీ అనిపించదు. రాత్రి గ్యాస్ కట్టేశానని చెప్తాను. ఆయన "ఊఁ" అంటారు, లేచి వెళ్లి మీట తిప్పి చూసి వస్తారు. అత్తయ్య మందు వేసుకున్నారని చెప్తాను. "అమ్మా, వేసుకున్నావా?" అని గదిలోకి తొంగిచూస్తారు. కోపంతో చేస్తున్న పనులు కావవి. చేస్తున్నట్టు ఆయనకి తెలుసని కూడా నేననుకోను.

ఎండాకాలం ఒక్కసారిగా వెళ్లిపోయింది. ఆ ఉదయం ఆయన స్టోర్సు తాళాల గుత్తి, టిఫిను సంచి పట్టుకుని బయల్దేరుతున్నారు. నేను అప్పుడే వెనక వరండాలోంచి బట్టలు తీసుకుని లోపలికి వచ్చాను.

"వాన పడుతోందండీ. గొడుగు తీసుకెళ్లండి" అన్నాను.

ఆయన సంచి కింద పెట్టారు. కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచల మధ్య నుంచి చెయ్యి బయటికి చాపారు. కాసేపు అలాగే ఉంచారు. తడిసిన అరచెయ్యి చూసుకుని, ప్యాంటుకి తుడుచుకుని, గొడుగు తీసుకుని వెళ్లారు.